కూర్చునే వేళ

ఫిబ్రవరి 9

అన్నయ్యా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. లోపలికి వెళ్ళేదాకా ఆగలేక బడి గేటు దగ్గరే నిలబడి చదివాను. వదినకి మూడో నెల అన్న మాట చూడగానే నోట్లోంచి కేక వచ్చేసింది. ఏ పిల్ల మెట్ల మీంచి పడిందోనని వార్డెనమ్మ పరుగెత్తుకొచ్చింది. సంగతి చెబితే "దానికా ఇంత గావుకేక!" అని విసుక్కుంటూ వెళ్ళి, కాసేపటికి మళ్ళీ వచ్చి రెండు బిస్కెట్లు నా చేతిలో పెట్టింది. ఆవిడ ఎవరికైనా ఏదైనా పెట్టడం నేను చూడటం ఇదే మొదటిసారి.

రెండో పేజీ తిప్పాక మాత్రం ఆ బిస్కెట్టు నోట్లోనే ఉండిపోయింది. డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పినా వదిన సిగరెట్లు మానలేకపోతోందని రాశావు. ఇదంతా ఫోన్లో చెప్పకుండా కాగితం మీద ఎందుకు పెట్టావో నాకు తెలుసు. మీ ఒక్క గదిలో నువ్వు ఊపిరి గట్టిగా వదిలినా వదినకి వినిపిస్తుంది. నేను పలక మీద దిద్దుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలతో నువ్వు ఇంత పొడుగు ఉత్తరం రాశావంటే ఎంత కంగారుపడ్డావో కూడా అర్థమైంది.

మా లైబ్రరీలో దీని గురించి రెండు పుస్తకాలున్నాయి. రెండూ చదివాను. పొగ తల్లి రక్తంలోంచి బిడ్డకి చేరుతుందట. బిడ్డ బరువు తగ్గవచ్చు, నెలలు నిండకుండానే కాన్పు రావచ్చు. భయపెట్టాలని కాదు, తెలిసి కూడా చెప్పకపోతే తప్పని రాస్తున్నాను. ముందు ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెలు, లైటర్లు అన్నీ తీసెయ్యి. వీధి చివర కొట్టతనికి చెప్పు, ఆమెకి అమ్మొద్దని. తాగాలనిపించినప్పుడల్లా బిడ్డ ముఖం ఊహించుకోమను. మనసు గట్టి చేసుకుంటే కాని పని లేదన్నయ్యా. నువ్వు మెతక మనిషివి. ఈ ఒక్క విషయంలో మెతకగా ఉండకు.

ఇక్కడ నేను పాఠం చెప్పే ఆరో తరగతి పిల్లలకి పేలు పడ్డాయి. నేను కూడా గోక్కుంటూనే రాస్తున్నాను. నువ్వు నవ్వుతావని చెప్పాను. నవ్వావా?

అత్త కాబోతున్న
నీ చెల్లి

ఫిబ్రవరి 27

చెల్లాయ్,

నవ్వాను. తర్వాత నవ్వడానికి తీరిక దొరకలేదు.

ఇది లిఫ్టు మోటారు గదిలో కూర్చుని రాస్తున్నా. ఒక సామాను రావాలి, వచ్చేదాకా పని లేదు. కింద ఏడంతస్తుల వాళ్ళూ నన్ను తిట్టుకుంటూ మెట్లెక్కుతున్నారు. ఆరో అంతస్తు ముసలాయన అయితే ప్రతి మలుపులో ఆగి మా కంపెనీని, మా మేస్త్రిని, నన్ను విడివిడిగా తిడుతున్నాడు. కాగితం మీద గ్రీజు అంటింది, ఏమనుకోకు.

నువ్వు చెప్పినట్టే చేశాను. లైటర్లు తీసి పారేశా. పొయ్యి అంటించడానికి కూడా ఏమీ మిగల్లేదని మర్నాడు పొద్దున తెలిసింది. ఇద్దరం పాలు కాచుకోకుండానే పనికి పోయాం. కొట్టతనికీ చెప్పా. చాలా బుద్ధిగా తలూపాడు. మీ వదిన సబ్బు కొనడానికి వెళితే నలుగురి ముందూ ఏమన్నాడో తెలుసా? "సబ్బు ఇస్తానమ్మా, అది మాత్రం ఇవ్వను. మీ ఆయన వద్దన్నాడు." ఇప్పుడు మా మెట్ల మీద ఆడవాళ్ళు ముందు ఆమె పొట్ట వంక చూస్తారు, తర్వాత వేళ్ళ వంక చూస్తారు.

రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నోరు తెరిచి "మీ చెల్లెలు బడిలో పాఠాలు చెబుతోందా, స్టేషన్లో డ్యూటీ చేస్తోందా?" అంది. నువ్వు చెప్పావని నేను చెప్పలేదు. తనే కనిపెట్టింది. "బిడ్డ ముఖం ఊహించుకో" అనడం నీ సొంత తెలివి కాదులే అంది.

అబద్ధం ఎందుకు, ఆమె కష్టపడుతోంది. ఇంట్లో మానేసింది. సెలవురోజు కిటికీ పట్టుకుని నిలబడుతుంది, గోళ్ళు కొరుక్కుంటుంది, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతుంది. చూస్తుంటే నాకే ఒకటి తెచ్చి ఇవ్వాలనిపిస్తుంది. కానీ లాండ్రీలో మాత్రం కుదరదంటోంది. "పనిలో ఉన్నప్పటి సంగతి నన్నడక్కు" అంటుంది. ఎందుకంటే "చెప్తే నువ్వు ఇంకోటి చేస్తావ్" అంటుంది. అంతకంటే గుచ్చితే గిన్నెల చప్పుడు పెరుగుతుంది.

ఆసుపత్రి దుప్పట్లు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఇస్త్రీ మిషన్లో పెట్టి తీసి, పెట్టి తీసి ఇంటికొస్తుంది. వచ్చాక ఏం గుచ్చుతాం?

సామాను వచ్చింది. పోతున్నా.

అన్నయ్య

మార్చి 8

అన్నయ్యా,

కొట్టతని సంగతి చదివి సిగ్గుతో చచ్చిపోయాను. వదినకి నా తరఫున క్షమాపణ చెప్పు. స్టేషన్లో డ్యూటీ అన్నందుకు నాకు కోపం రాలేదు. కొంచెం వచ్చింది, పోయింది.

కానీ నీ ఉత్తరంలోనే జవాబు ఉంది, నువ్వు గమనించలేదు. ఇంట్లో మానగలిగింది, పనిలో మానలేకపోతోంది. అంటే అసలు చిక్కు ఆ లాండ్రీలోనే ఉంది. తోటివాళ్ళు తాగడానికి బయటికి పోతూ పిలుస్తుంటే ఎంత గట్టి మనసైనా జారుతుంది. మా పిల్లల్లో కూడా చూస్తున్నాను. నలుగురు గోడ దూకితే, దూకడం ఇష్టం లేని ఐదో పిల్ల కూడా దూకుతుంది. ఆ పిల్లని తిట్టి లాభం లేదు, గోడ దగ్గరికి పోనివ్వకూడదు.

అందుకని ఈ ఉత్తరంతో ఒక అర్జీ జత చేశాను. వాళ్ళ సూపర్‌వైజరు గారి పేరిట, నీ తరఫున రాశాను. నీ భార్య ఆరోగ్య పరిస్థితి దృష్ట్యా పొగ తాగేవారితో కలిసి ఆమెను బయటికి పంపవద్దని సవినయంగా కోరాను. నువ్వు సంతకం పెట్టి ఇస్తే చాలు. కుళాయి కోసం, అమ్మ ఆసుపత్రి కార్డు కోసం, నీ మొదటి ఉద్యోగం కోసం మన ఇంట్లో అర్జీలన్నీ నాకు పదేళ్ళున్నప్పటి నుంచి నేనే రాశాను కదా. ఒక్కటైనా వెనక్కి వచ్చిందా?

వదినకి ముందే చెప్పకు, వద్దంటుంది. పని అయ్యాక చెప్పు.

వాన లేదు, కరెంటు లేదు. పిల్లలు మాత్రం ఉన్నారు.

నీ చెల్లి

మార్చి 24

చెల్లాయ్,

నీ అర్జీ ఇచ్చి వచ్చాను. వాళ్ళ సూపర్‌వైజరుకి అక్కడి ఆడవాళ్ళు "ఈల" అని పేరు పెట్టారు. మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుంటుంది. నీ కాగితం పైన "గౌరవనీయులైన" అని చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అలా పిలిచినట్టు లేదు. "చాలా పద్ధతిగా రాశారు" అని నాతో చెయ్యి కలిపాడు. నేను పద్ధతిగా తలూపాను.

తర్వాత ఆయన చేసిన పని నువ్వూ నేనూ అనుకోలేదు. మిషన్లు ఆపించి, దాన్ని హాల్లో అందరికీ వినిపించేలా చదివాడట. "ఇలాంటి భర్త ఉండాలి" అన్నాడట. ఆ రోజు నుంచి ఈల ఊదినప్పుడు మిగతావాళ్ళు పెరట్లోకి వెళ్ళినా మీ వదిన వెళ్ళకూడదు.

ఇంటికొచ్చి సంచీ కింద పెట్టి "సవినయంగా అంటే ఏమిటి?" అని అడిగింది. మళ్ళీ తనే, "నీకు తెలియదు. ఆ మాట నువ్వు జన్మలో వాడలేదు. ఎవరు రాశారో నాకు తెలుసు. ఇద్దరూ కలిసి బాగానే చేశారు" అంది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

బట్టల్లో వాసన లేదు ఇప్పుడు. ఆ సంగతి నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నా. కాని కాళ్ళు వాచిపోయి వస్తోంది. చెప్పులు పట్టడం లేదు, నావి వేసుకుని వెళుతోంది. అన్నం తినేటప్పుడు కూడా గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంటుంది. నీ పుస్తకాల్లో దీనికేమైనా ఉందా?

నువ్వు గెలిచావనే అనుకో. ఇంట్లో మాత్రం ఎవరో ఓడినట్టుంది.

అన్నయ్య

ఏప్రిల్ 2

అన్నయ్యా,

హాల్లో చదవడం చాలా తప్పు. అది ఆయన తప్పు, మనది కాదు. అయినా ఫలితం చూడు. వాసన పోయిందన్నావు. ఆ ఒక్క వాక్యం నేను నాలుగుసార్లు చదువుకున్నాను. కోపం ఈ రోజు ఉంటుంది, రేపు పోతుంది. బిడ్డ ఆరోగ్యం అలా కాదు కదా.

కాళ్ళ వాపు ఈ నెలల్లో చాలామందికి మామూలేనని పుస్తకంలో ఉంది. ఇంటికి రాగానే కాళ్ళు ఎత్తులో పెట్టుకోమను. అయినా ఈసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు తప్పకుండా చూపించు. విసుగూ, మౌనమూ కూడా మానేసినప్పుడు వచ్చేవే. కొన్నాళ్ళు ఓర్చుకో.

మా పరీక్షలు మొదలయ్యాయి. నిన్న ఒక పిల్ల జవాబు రాయకుండా కాగితం నిండా బొమ్మ గీసింది. అడిగితే "జవాబు తెలీదు టీచర్, ఊరికే ఇవ్వడం బాగోదని" అంది. మార్కులు వెయ్యలేదు, కానీ ఆ కాగితం దాచుకున్నాను.

వదినకి నా మీద ఉన్న కోపం కొంచెం తగ్గిందా? అడగకు. నువ్వే చూసి చెప్పు.

నీ చెల్లి

ఏప్రిల్ 15

చెల్లాయ్,

ఇక నా వల్ల కాదు.

మొన్న ఈల నాకు కబురు పెట్టాడు, మీ ఆవిడ చెప్పకుండా పెరట్లోకి పోతోంది, వచ్చి చూసుకోండి అని. లేనిపోనిది చెబుతున్నాడనుకున్నా. అయినా పక్క వీధిలోనే ఒక లిఫ్టు పని ఉంటే అది వదిలేసి వెళ్ళాను. బాయిలరు గోడ పక్కన, బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉంది. ఒక్కతే. వేళ్ళ మధ్య సిగరెట్టు. నా కళ్ళతో చూశాను.

ఏమయిందో నాకు తెలియదు. చేతిలోంచి లాగి మురుక్కాలవలోకి విసిరేశా. "అందులో ఏముందే అంత? బిడ్డకంటే ఎక్కువా?" అని అరిచా. కిటికీల్లోంచి అందరూ చూస్తున్నారు. ఆమె నా చెయ్యి వంక చూసింది. తర్వాత లేచి లోపలికి పోయింది.

ఇంటికి రాలేదు. అక్కడ గౌన్లకి బొత్తాలు కుట్టే పెద్దామె ఉంది, అందరూ బొత్తాలక్క అంటారు. ఆమె గదిలో ఉందట. నేను వెళ్ళలేదు. వెళ్ళి ఏమనాలి?

ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నా. పాలు పొంగిపోయాయి, తుడవలేదు.

అన్నయ్య

ఏప్రిల్ 20

అన్నయ్యా,

నీ ఉత్తరం అందిన వెంటనే రాస్తున్నాను.

ఇన్నాళ్ళూ నేను వదిన పక్షాన ఆలోచించడానికే ప్రయత్నించాను. ఇక నాకు చేతకావడం లేదు. అందరం అడిగాం, డాక్టరమ్మ చెప్పింది, నువ్వు పని మానుకుని తిరిగావు. అయినా దొంగచాటుగా వెళ్ళి తాగుతోందంటే, ఆమెకి ఏది ముఖ్యమో ఆమే చెప్పినట్టు. నువ్వు అరిచినందుకు బాధపడకు. ఎవరైనా అరుస్తారు.

కొన్నాళ్ళు బొత్తాలక్క దగ్గరే ఉండనీ. తన తప్పు తనకి తెలిసి రావాలి. నువ్వు వెళ్ళి బతిమాలకు.

చెల్లి

ఏప్రిల్ 28

చెల్లాయ్,

నీ ఉత్తరం వచ్చేసరికి ఇక్కడంతా తిరగబడింది. అది మీ వదినకి చూపించలేదు. చూపించను కూడా.

బొత్తాలక్క వచ్చింది, మీ వదినకి వదులుగా ఉండే బట్టలు తీసుకుపోవడానికి. అరవై దాటిన మనిషి. మా నాలుగంతస్తులూ ఎక్కి వచ్చి, మంచినీళ్ళు ఇస్తే పుచ్చుకోకుండా "ఒరే అబ్బాయ్, అది వెలగలేదురా" అంది. నాకు అర్థం కాలేదు. "నువ్వు లాక్కుని విసిరిన సిగరెట్టు. అది వెలిగి ఉందా? నీ చెయ్యి కాలిందా?" అంది.

కాలలేదు చెల్లాయ్. నేను ఇన్నాళ్ళూ దాని గురించి ఆలోచించనే లేదు.

విను. ఆ లాండ్రీలో దుప్పట్ల నుంచి నూలు దుమ్ము రేగుతుంటుంది. ఎప్పుడో ఒకసారి ఎవరో దొంగతనంగా లోపల సిగరెట్టు అంటిస్తే ఒక మూట అంటుకుందట. అప్పటి నుంచి పొగ తాగేవాళ్ళని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పెరట్లోకి వదులుతారు. తాగనివాళ్ళకి బయట పనేమిటి? వాళ్ళు మిషన్ల దగ్గరే ఉండాలి. భోజనం వేళ తప్ప ఇస్త్రీ దగ్గర నిలబడే వాళ్ళకి కూర్చునే వీలు లేదు. కుర్చీయే లేదు. బొత్తాలక్కది కూర్చునే పని, ఆమె కిటికీ పెరటి వైపే ఉంటుంది. అందుకే ఆమెకి అన్నీ కనిపిస్తాయి.

మీ వదిన ఆ పనిలో చేరినప్పుడు తాగేది కాదట. కాళ్ళు నిలవక ఏడుస్తుంటే పక్క మిషన్ ఆమె "ఒకటి చేతిలో పట్టుకో, కూర్చోనిస్తారు" అందట. కూర్చోడానికి పట్టుకుంది. "పట్టుకున్నది ఎన్నాళ్ళు ఊరికే పట్టుకుంటుంది? ఒక రోజు అంటించింది. తర్వాత అది దీన్ని అంటుకుంది" అంది బొత్తాలక్క.

కడుపుతో ఉన్నానని తెలిశాక మళ్ళీ వెలిగించకుండా పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టిందట. "అన్ని రోజులూ వెలగలేదని నేను అబద్ధం చెప్పను. పక్కన అందరూ తాగుతుంటే కొన్ని రోజులు వెలిగింది. కాని నీ పెళ్ళాం ఎంత కొట్టుకులాడిందో నేను చూశాను. ఇంతలో మీ కాగితం వచ్చింది. సిగరెట్టూ లేదు, కూర్చోడమూ లేదు. కళ్ళు తిరిగి పడబోయి, ఆ రోజు దొంగచాటుగా బయటికి పోయింది. ఎవరైనా అడిగితే చూపించడానికి ఒకటి చేతిలో పెట్టుకుంది. అదీ సంగతి. నీళ్ళు ఇప్పుడివ్వు" అంది.

నాకెందుకు చెప్పలేదని అడిగా. "చెబితే పని మానెయ్యమంటావని. కాన్పు సెలవు వచ్చేదాకా నిలబడాలని దాని పంతం. ఆ పని దానికిష్టం రా. దుప్పటి మడత దానిలా ఎవరూ వెయ్యలేరు" అంది.

సాయంత్రం బొత్తాలక్క గదికి వెళ్ళా. మీ వదిన బయట మెట్ల మీద కూర్చుని ఉంది. ఏమనాలో దారంతా అనుకుంటూ వెళ్ళానా, తీరా అక్కడికి వెళ్ళాక "కాళ్ళు నొప్పా?" అన్నా. "ఇన్నాళ్ళకి అడిగావ్" అంది. పక్కన కూర్చున్నా. ఇంటికి రమ్మని అడగడానికి నోరు రాలేదు. చీకటి పడకముందే తనే సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "నడవలేను, రిక్షా పిలువు" అంది.

అంతే. ఇంట్లోనే ఉంది. నిద్రపోతోంది.

అన్నయ్య

మే 4

అన్నయ్యా,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను.

గోడ దూకే పిల్ల గురించి ఎంత గొప్పగా రాశానో గుర్తొస్తోంది. ఆ పిల్ల గోడ ఎందుకు దూకుతోందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. వదినని కూర్చోనివ్వకుండా చేసింది నా చేతి రాత. ఆ అర్జీలో ఒక్క తప్పు కూడా లేదు అన్నయ్యా, అదే నన్ను ఎక్కువగా బాధపెడుతోంది.

నేను ఇంకొక అర్జీ రాస్తాను. మొదటిది వెనక్కి తీసుకుంటున్నామని, గర్భిణికి కూర్చునే వీలు కల్పించాలని రాస్తాను. ఈసారి నా సంతకంతోనే, తప్పు నాదేనని ఒప్పుకుంటూ రాస్తాను. వదిన ఒప్పుకుంటేనే. ఈసారి ముందు ఆమెని అడుగు.

డాక్టరమ్మ ఏమన్నారు? కళ్ళు తిరగడం గురించి చెప్పారా? దయచేసి వెంటనే రాయి. నాకు ఇక్కడ ఏ పని మీదా ధ్యాస ఉండటం లేదు.

చెల్లి

మే 12

చెల్లాయ్,

డాక్టరమ్మ చూసింది. రక్తం తక్కువగా ఉందంది, మందులిచ్చింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందట. నాక్కూడా వినిపించారు. గుర్రం పరుగెత్తినట్టుంది.

అర్జీ సంగతి అడిగా. "ఇంకా కాగితాలా! మీ చెల్లెలికి దణ్ణం పెడతానని చెప్పు" అంది. కోపంగా కాదు, అలసిపోయి అంది.

తనే చూసుకుంది. సోమవారం ఈల ఊదగానే దుప్పట్ల మూట ఒకటి హాలు మధ్యలోకి ఈడ్చుకొచ్చి దాని మీద కూర్చుందట. అతను ఉరుక్కుంటూ వచ్చి, "ఏంటమ్మా ఇది? మీ ఆయన రాసిచ్చిన కాగితం నా దగ్గరుంది" అన్నాడట. "రాసినవాళ్ళని వచ్చి నా మిషన్ దగ్గర నిలబడమనండి. నేను ఇంటికెళ్ళి పడుకుంటా" అందట. బొత్తాలక్క తన పక్కనున్న బట్టలు కింద పడేసి ఒక కుర్చీ ఖాళీ చేసింది. మిగతావాళ్ళు మిషన్లు ఆపి చూస్తున్నారట. అతను కాసేపు ఈలతో ఆడుకుని "ఈల ఊదాక, మళ్ళీ ఊదేదాకే" అన్నాడట. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుంటోంది. మిగతావాళ్ళకి మాత్రం ఇంకా కుర్చీ లేదు.

ఇక్కడితో అయిపోయిందని రాద్దామనుకున్నా. అవలేదు. కూర్చోవడం దొరికింది, కోరిక మాత్రం పోలేదు. ఆ కిటికీలోంచే పెరట్లో పొగ లోపలికొస్తుంది. బుధవారం ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి "బస్టాపు వెనక ఒకటి తాగాను" అంది. నేను కొట్టతని దగ్గరికి పోలేదు, బిడ్డ ముఖం గురించి మాట్లాడలేదు. "సరే, లోపలికి రా" అన్నా. తనంతట తాను చెప్పడం ఇదే మొదలు.

ఆసుపత్రిలో దీని కోసమే ఒక నర్సమ్మ కూర్చుంటుంది. ఇన్నాళ్ళూ మనకి తెలియలేదు. "తిట్టకండి, కాపలా కాయకండి. ఎప్పుడు మానినా మేలే. జారితే మళ్ళీ మొదలుపెట్టడమే. వారం వారం నా దగ్గరికి తీసుకురండి" అంది. ఆమె వేళ్ళు కూడా పసుప్పచ్చగా ఉన్నాయి. ఒకప్పుడు తాగేదట.

ఇప్పుడు అసలు సంగతి. వేరే ఊళ్ళో కొత్త భవనానికి లిఫ్టులు బిగించాలి, నన్ను పంపుతున్నారు. కుదరదంటే వినలేదు. నీకు సెలవులిస్తారు కదా. వస్తావా? మీ వదినని అడిగే రాస్తున్నా. ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నా, తర్వాత నన్ననకు. "రమ్మను. పుస్తకాలు తేవద్దను. నాకు మనసు లాగినప్పుడు పాఠం చెప్పకూడదు. పక్కన ఉంటే చాలు."

అన్నయ్య

మే 29

అన్నయ్యా,

నీ ఇంట్లో, నీ బల్ల మీద, నీ పెన్నుతో రాస్తున్నాను. నీ పెన్ను కూడా గ్రీజు కక్కుతోంది.

వచ్చిన రోజు వదిన తలుపు తీసి "సంచీ చూపించు" అంది. పుస్తకాలు లేవు. ఒకటి ఉంది, చీరల అడుగున. దాన్ని తీసి అటక మీద పడేసి "ఇప్పుడు లోపలికి రా" అంది. నేను క్షమించమని అడగడానికి దారంతా తయారుచేసుకున్న మాటలు గుమ్మంలోనే ఉండిపోయాయి. తర్వాత ఒకసారి మొదలుపెడితే, "అమ్మాయ్, అది కూడా అర్జీలాగే ఉంది. ఆపు" అంది. ఆపేశాను.

మధ్యాహ్నం భోజనం నేనే పట్టుకెళుతున్నాను. మొదటిరోజు హాల్లో అడుగుపెట్టగానే ఆవిరికి ఊపిరాడలేదు. వదిన దుప్పటి కొసలు పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే అది గాల్లోనే సగం మడత పడుతుంది. పక్కన నిలబడి చూస్తున్న కాసేపటికే నా మడమలు నొప్పెట్టాయి. ఈలాయన నన్ను చూసి "ఆ పద్ధతిగా రాసేది మీరేనటగా" అన్నాడు. నేలలోకి కుంగిపోయాను. వదిన వెనక్కి తిరక్కుండానే "మానేసిందిలెండి, అది కూడా కష్టపడి" అంది. ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆదివారం సంగతి నీకు చెప్పాలి. వదిన చెప్పమంది.

పొద్దుటి నుంచే ఆమెకి బాగోలేదు. తోమిన గిన్నెలు తోమింది. నేను తలుపు వేస్తే ఎందుకు వేశావంది, తీస్తే ఎందుకు తీశావంది. చివరికి "వెళ్ళి ఒకటి తెచ్చిపెట్టు" అంది. నేను వెళ్ళలేదు. వద్దని కూడా అనలేదు. నా గొంతులో ఒక పుస్తకమంతా ఉంది అన్నయ్యా, పళ్ళ బిగువున ఆపాను. ఆమె చెప్పులు వేసుకుంది. నేనూ వేసుకున్నాను. కొట్టతను నా ముఖం వంక చూశాడు, నేను సబ్బుల వంక చూశాను. ఒకటి కొనుక్కుంది. కింద మెట్ల మీద కూర్చుని అంటించింది. నేను పక్కనే కూర్చున్నాను. సగం తాగి, కాలితో నలిపేసి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. నెలల తరబడి లోపల దాచినదంతా ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఆమెకి బిడ్డ గురించి భయం లేదనుకున్నాను. మనందరి భయం కలిపినా ఆమె భయంలో సగం ఉండదు.

కాసేపటికి "ఏదైనా అనవే" అంది.

"ఏమనను?"

"ఏదో ఒకటి. నీ పాఠాలే నయం, ఈ నోరు మూసుకోవడం చూడలేకపోతున్నా."

నాకు ఏమీ తోచక, పరీక్షలో జవాబు తెలియక బొమ్మ గీసిన పిల్ల గురించి చెప్పాను. ఏం బొమ్మ గీసిందని అడిగింది. గేదె మీద కూర్చుని చదువుకుంటున్న నన్ను గీసిందని చెప్పాను. ఏడుస్తూనే నవ్వింది. అలా నవ్వుతుంటే పొట్ట నొప్పెట్టి, నన్ను లేవదియ్యమని చెయ్యి చాపింది. పైకి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. ప్రతి అంతస్తులోనూ ఆగి నిన్ను తిట్టింది, ఊళ్ళో వాళ్ళందరికీ లిఫ్టులు బిగిస్తావు, మన మెట్లకి ఒకటి బిగించవేమని.

గురువారం నర్సమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆదివారం సంగతి వదినే చెప్పింది. ఆవిడ "ఆ సగం ఎందుకు నలిపేశారు?" అని మాత్రం అడిగింది. వదిన, "ఒంటరిగా లేను కదా, దాచుకోవాల్సిన పని లేకపోయింది. దాచుకోకుండా తాగితే అందులో ఏమీ లేదు" అంది. ఆవిడ తలూపి మళ్ళీ వారం రమ్మంది. బిడ్డ కొంచెం చిన్నగా ఉందట, కానీ పెరుగుతోందట. డాక్టరమ్మ రెండు మాటలూ చెప్పింది. రెండూ రాస్తున్నాను. ఒక్కటే రాస్తే నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "తాగిందా?" అని నన్ను అడగాలనుకుని, "అన్నం తిన్నారా?" అని అడుగుతావు. ఆ మొదటి మాట ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఇప్పుడు సాయంత్రం. వదిన తల స్నానం చేసి కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటోంది. పని నుంచి వచ్చినప్పటి నుంచి కాలు ఒక చోట నిలవడం లేదు. ఇందాక నా దగ్గరికి వచ్చి నిలబడి, ఏమీ అడక్కుండానే మళ్ళీ వెళ్ళిపోయింది. నీకు రాస్తున్నానని తెలుసు. ఈ వాక్యం రాసి లేచి, వెళ్ళి ఆమె పక్కన కూర్చుంటాను.

ఈ రోజు తాగలేదు. రేపటి సంగతి ఆమెని అడక్కు. నన్నూ అడక్కు.

చెల్లి